లాడ్జి తలుపు తట్టడమెలా?

మా కె.గంగవరం ప్రాంతంలో లాడ్జి అంటే ఒక్కటే అర్థం. పెళ్ళికి వచ్చిన చుట్టాలకు ద్రాక్షారామంలోనో, రామచంద్రపురంలోనో గదులు అద్దెకు ఇచ్చే మేడ. అందుచేత భార్యాబిడ్డలతో సుఖంగా ఉన్న పెద్దమనిషి ఎవరైనా "లాడ్జిలో చేరాలని ఉందండీ" అన్నాడంటే, వినేవాళ్ళు ముందుగా "ఏం, ఇంట్లో ఏమైనా తగువొచ్చిందా?" అని అడుగుతారు.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఆ లాడ్జిని గురించి కాదు. ఫ్రీమేసన్ లాడ్జిని గురించి. దీనిమీద మనవాళ్ళలో మూడు రకాల అభిప్రాయాలున్నాయి. అది దొరలు పెట్టిపోయిన క్లబ్బు అని కొందరు అంటారు. తలుపులు బిగించుకుని లోపల మంత్రతంత్రాలు చేస్తారని మరికొందరు. అందులో చేరితే చాలు, ఉద్యోగాలూ, కంట్రాక్టులూ, డబ్బూ వాటంతటవే నడిచి వస్తాయని ఇంకొందరు. మొదటి అభిప్రాయంలో కొంత చరిత్ర ఉంది. రెండవదానిలో కొంత తమాషా ఉంది. మూడవదానిలో మాత్రం ప్రమాదం ఉంది. ఆ ప్రమాదం అంచుదాకా వెళ్ళి వచ్చిన ఒక కుర్రవాడి సంగతి ముందుముందు చెబుతాను.

నేను ఫ్రీమేసన్‌ను కాను. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అయితే మా నాన్నగారి స్నేహితులు ఒకరు ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన హైదరాబాదులో ఉద్యోగం చేసే రోజుల్లో లాడ్జిలో చేరారు. చెప్పదగినదంతా అడిగినప్పుడల్లా విసుక్కోకుండా చెప్పారు. చెప్పకూడనిది ఎంత తరిచి అడిగినా నవ్వి ఊరుకున్నారు. ఆయన దగ్గర విన్నవీ, నేను చదివినవీ కలిపి, కొత్తగా చేరాలనుకునేవారికి దారి చూపుదామని ఈ ప్రయత్నం.

పేరులోనే ఉంది తాపీపని

మేసన్ అంటే మన తాపీమేస్త్రీయే. వెనుకటి రోజుల్లో ఇంగ్లండు, స్కాట్లండు దేశాలలో పెద్దపెద్ద చర్చీలు, కోటలు కట్టే రాతిపనివారు పని జరిగేచోట ఒక పాక వేసుకునేవారు. పనిముట్లు దాచుకోవడం, ఎండకూ వానకూ తలదాచుకోవడం, పనివాళ్ళ తగువులు తీర్చుకోవడం అన్నీ అందులోనే. ఆ పాక పేరే లాడ్జి. పని నేర్చినవాణ్ణి, నేర్చనివాణ్ణి విడదీయడానికి వారిలో వారికి కొన్ని గుర్తులు, మాటలు ఉండేవి. కాలక్రమేణా రాయి చెక్కడం చేతకాని పెద్దమనుషులు కూడా ఆ సంఘాలలో చేరడం మొదలుపెట్టారు. చివరికి రాతిపని పోయింది. పనిముట్లు మాత్రం నీతిపాఠాలకు గుర్తులుగా మిగిలాయి.

లండనులో నాలుగు లాడ్జీలవాళ్ళు కలిసి ఒక గ్రాండ్ లాడ్జిని ఏర్పాటు చేసుకున్నది 1717 జూన్ 24వ తేదీన అని సంప్రదాయంగా చెప్పుకుంటారు. 1723లో జేమ్స్ ఆండర్సన్ అనే మతాచార్యుడు వారి నియమాలను పుస్తకంగా అచ్చువేయించాడు. ఈనాటి లాడ్జీల పద్ధతులకు మూలం అక్కడుంది.

పనిముట్ల సంగతి మనకు కొత్తగా అనిపించదు. మూలమట్టం అంటే నడవడి సూటిగా ఉండాలని అర్థం. కంపాసు అంటే కోరికలకు ఒక గిరి గీసుకోవాలని. మట్టం చూసే పలక అంటే మనుషులంతా ఒకే మట్టంలో ఉన్నారని. ఇరవైనాలుగు అంగుళాల కొలబద్ద అంటే రోజుకున్న ఇరవైనాలుగు గంటలను దైవానికీ, పనికీ, తోటివాడి సాయానికీ పంచుకోవాలని. మా ఊరికి దగ్గరలోనే ద్రాక్షారామ భీమేశ్వరాలయం ఉంది. తూర్పు చాళుక్య భీముడు కట్టించాడని ప్రతీతి. ఆ రెండంతస్తుల గర్భాలయం చూసినవారికి, రాయిని సూటిగా నిలబెట్టడానికి ఎంత నిగ్రహం కావాలో వేరే చెప్పనక్కరలేదు. రాయి విషయంలో మేస్త్రీ పాటించే నిగ్రహాన్ని మనిషి తన విషయంలో తాను పాటించాలన్నదే ఈ సంఘంవారు చెప్పే సారాంశం.

మొదట మనవాళ్ళకు తలుపు తెరవలేదు

మన దేశంలో మొదటి లాడ్జి 1730 ప్రాంతంలో కలకత్తా ఫోర్టు విలియంలో వెలిసింది. మద్రాసులో 1752లో. అవి కంపెనీ దొరల కోసం, వారి సైనికాధికారుల కోసం పుట్టినవి. 1770ల్లో ఆర్కాటు నవాబు కుమారుడు ఉమ్దత్ ఉల్ ఉమరాను తిరుచినాపల్లిలో చేర్చుకున్నారు. కాని అది రాజకుమారుడికి జరిగిన మర్యాద. మామూలు భారతీయుడి సంగతి వేరు.

బొంబాయిలో మానెక్‌జీ కర్సెట్‌జీ అనే పార్సీ పెద్దమనిషికి సభ్యత్వం ఇవ్వడానికి అక్కడి లాడ్జి ఒప్పుకోలేదు. ఆయన యూరపు వెళ్ళి, ఇంగ్లండులోనూ పని కాక, చివరికి పారిస్‌లో సభ్యుడై తిరిగివచ్చారు. ఆ తరువాత 1843లో భారతీయులను చేర్చుకోవడానికి బొంబాయిలో ప్రత్యేకంగా ఒక లాడ్జి ఏర్పడింది.

హిందువుల విషయంలో మరో పేచీ వచ్చింది. ఫ్రీమేసన్ కావాలంటే ఒకే పరమాత్మను నమ్మాలి. హిందువులకు ఎందరో దేవుళ్ళు కదా, వారిని ఎలా చేర్చుకోవడం అన్నారు. కలకత్తాలో ప్రసన్నకుమార్ దత్ అనే ఆయన 1863లో దరఖాస్తు పెట్టుకున్నారు. ఆసియావాసులెవరినైనా చేర్చుకోవాలంటే పై అధికారి అనుమతి కావాలనే నియమాన్ని ఆయనకు అడ్డం పెట్టారు. ఆయన వదలలేదు. ఉత్తరాలు రాశారు, వాదించారు, ఎదురుచూశారు. తొమ్మిదేళ్ళకు, 1872లో, ఆంకర్ అండ్ హోప్ లాడ్జి ఆయనకు తలుపు తెరిచింది. పన్నెండేళ్ళ తరువాత, 1884 ఫిబ్రవరి 19న, అదే లాడ్జిలో నరేంద్రనాథ్ దత్తా అనే యువకుడు సభ్యుడయ్యాడు. ఆయనే వివేకానంద స్వామి అని చెబితే చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది. దత్ గారు తొమ్మిదేళ్ళు ఓపిక పట్టకపోతే నరేంద్రుడికి ఆ తలుపు అంత సులభంగా తెరుచుకునేది కాదు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మన లాడ్జీలవాళ్ళకు సొంత గ్రాండ్ లాడ్జి ఉండాలనిపించింది. 1961 నవంబరు 24న ఢిల్లీలో గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. రాంపూర్ నవాబు సయ్యద్ రజా అలీఖాన్ మొదటి గ్రాండ్ మాస్టరు. కొన్ని లాడ్జీలు మాత్రం పాత పద్ధతిలో ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు గ్రాండ్ లాడ్జీల కిందనే ఉండిపోయాయి. ఈ పెద్ద సంస్థలన్నీ ఒకదానినొకటి గుర్తించుకుంటాయి. కాబట్టి కొత్తవాడు దీనికి కంగారుపడనక్కరలేదు.

మన తెలుగువారికి బాగా తెలిసిన మేసన్ భవనం హైదరాబాదు గోషామహల్ బారాదరి. రామదాసును చెరలో పెట్టిన తానీషా కాలంనాటి కట్టడం అది. నిజాముల హయాంలో, 19వ శతాబ్దంలో మేసనుల చేతికి వచ్చింది. తానీషా మహల్లో తాపీమేస్త్రీల సంఘం కూర్చుంటుందంటే చరిత్ర కూడా అప్పుడప్పుడు హాస్యమాడుతుందని అనిపిస్తుంది.

ఎవరు అడగవచ్చు?

ఇక అసలు సంగతికి వద్దాం. చేరడానికి కావలసిన అర్హతలు చాలా కొద్ది.

మొదటిది, దైవం మీద నమ్మకం. ఏ మతమైనా ఫరవాలేదు, ఏ పేరుతో పిలిచినా ఫరవాలేదు. దేవుడు లేడనేవారికి మాత్రం ఇంగ్లండు సంప్రదాయం పాటించే లాడ్జీలలో చోటు లేదు. ప్రమాణం చేసేటప్పుడు ఎవరి మతగ్రంథం వారికి ఇస్తారు. మన దేశపు లాడ్జీలో ఒకే బల్లమీద భగవద్గీత, ఖురాను, బైబిలు, గురుగ్రంథసాహెబు, పార్సీల అవెస్తా పక్కపక్కనే తెరిచి ఉండడం కద్దు. ఆ బల్లను చూసినవారు, హిందువులను చేర్చుకోవచ్చునా అని తొమ్మిదేళ్ళు వాదించినది ఈ సంఘమేనా అనుకుంటారు.

రెండవది వయస్సు. ఇంగ్లండులో ఇప్పుడు పద్ధెనిమిది నిండితే చాలు. మన దేశంలో మామూలుగా ఇరవై ఒకటి నిండాలి.

మూడవది మంచి పేరు. కోర్టు శిక్షలు, మోసాలు, అప్పులెగవేతలు ఉన్నవారికి దారి లేదు.

నాల్గవది, స్తోమతు. ధనవంతుడు కానక్కరలేదు. కాని లాడ్జికి కట్టే చందావల్ల ఇంట్లో బియ్యానికి, పిల్లల ఫీజులకు లోటు రాకూడదు. ఇది నా సలహా కాదు, వారి నియమమే.

కులం, భాష, ఉద్యోగం అడగరు. లాడ్జిలో కూర్చున్నప్పుడు రాజకీయాలు, మతవివాదాలు మాట్లాడకూడదు. ఎన్నికల రోజుల్లో మన కాఫీహోటళ్ళలో జరిగే సంభాషణలు విన్నవారికి ఈ నియమం ఎంత విలువైనదో తెలుస్తుంది.

ముందడుగు ఎవరిది?

మిగతా సంఘాలకూ దీనికీ ముఖ్యమైన తేడా ఇక్కడుంది. క్లబ్బులవాళ్ళు, చందాల సంఘాలవాళ్ళు మన ఇంటికి వచ్చి "మీరు మెంబరుగా చేరాలి" అని బతిమాలతారు. ఫ్రీమేసనులు రారు. రాకూడదు కూడా. అడగవలసినది చేరదలచినవాడే.

ఈ సంగతి చాలామందికి తెలియదు. మా ఇంజనీరుగారి స్నేహితుడొకరు ఇరవై ఏళ్ళపాటు, "ఈయన నన్ను పిలవడం లేదు, నేను తగననుకున్నాడు కాబోలు" అని లోలోపల నొచ్చుకున్నారట. "వీడికి ఇందులో ఇష్టం లేదు కాబోలు, ఒక్కనాడూ అడగలేదు" అని ఈయన అనుకున్నారు. చివరికి ఆ స్నేహితుడు నోరు విప్పి అడిగేసరికి ఇద్దరికీ తల నెరిసింది.

"మరి బాబాయిగారూ, తెలిసిన మేసన్ ఎవరూ లేనివాడి గతేమిటి?" అని నేను అడిగాను.

"ఒరే అబ్బాయ్, పోస్టాఫీసు ఎందుకుందిరా?" అన్నారు ఆయన.

నిజమే. గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా కార్యాలయం ఢిల్లీ జన్‌పథ్‌లోని ఫ్రీమేసన్స్ హాలులో ఉంది. దక్షిణాది ప్రాంతీయ గ్రాండ్ లాడ్జి చెన్నపట్నంలో ఉంది. ఇంటర్‌నెట్టులో వారి సొంత చిరునామాలున్నాయి. వారికి రాస్తే, మనకు దగ్గరలో ఉన్న లాడ్జి కార్యదర్శికి ఆ ఉత్తరం చేరవేస్తారు. కె.గంగవరం వంటి ఊరిలో ఉన్నవాడికైనా, అమెరికాలో ఉన్న మన తెలుగువాడికైనా పద్ధతి ఇదే. ఎవరున్నచోట వారి గ్రాండ్ లాడ్జికి రాయాలి.

ఉత్తరంలో ఏమి రాయాలి? పేరు, వయస్సు, వృత్తి, ఊరు, కుటుంబం, ఎందుకు చేరదలచారు అన్నవి నాలుగు వాక్యాలలో రాస్తే చాలు. తమ గొప్పలు రాసుకోనక్కరలేదు. ఆ లాడ్జిలో ఎవరెవరు పెద్ద ఉద్యోగులున్నారని మాత్రం అడగకూడదు. ఆ ఒక్క ప్రశ్నతో మీ ఉద్దేశం బయటపడుతుంది.

సంబంధం చూసినట్టే చూస్తారు

ఉత్తరం అందిన తరువాత జరిగే వ్యవహారం మన ఇళ్ళలో పెళ్ళిసంబంధం చూడడానికి దగ్గరగా ఉంటుంది.

మొదట పరిచయం. లాడ్జి సభ్యులు కలుసుకోమంటారు. కాఫీ ఇస్తారు, మాట్లాడతారు. ఇద్దరు సభ్యులు మీకు పూచీ పడాలి. ఒకరు మీ పేరు ప్రతిపాదించాలి, మరొకరు బలపరచాలి. మీరెవరో తెలియకుండా సంతకం పెట్టేవారుండరు. కనుక నాలుగుసార్లు కలుసుకోవడం, ఆరు నెలలు గడవడం మామూలే. కొన్నిచోట్ల ఏడాది కూడా పడుతుంది. తొందరపడేవారిని చూసి వారు వెనకడుగు వేస్తారు.

తరువాత దరఖాస్తు ఫారం. దానిలో మీరు సంతకం చేసే వాగ్దానం గమనించదగినది. ఎవరి బలవంతంమీదా రాలేదని, లాభాపేక్షతో రాలేదని, జ్ఞానం సంపాదించాలని, తోటివారికి ఉపయోగపడాలని మాత్రమే వచ్చానని మీ చేత ఒప్పిస్తారు. ఆ వాగ్దానాన్ని ఒకసారి చదివినవాడు ఇక కంట్రాక్టుల సంగతి ఎత్తడు. ఎత్తితే మొదటి సంతకమే అబద్ధమవుతుంది.

తరువాత విచారణ. కొందరు సభ్యులు కూర్చుని ప్రశ్నలు వేస్తారు. మీ ఊళ్ళో, మీ ఆఫీసులో వాకబు చేస్తారు. కొన్ని లాడ్జీలవాళ్ళు ఇంటికి వచ్చి భార్యతో కూడా మాట్లాడతారు. ఆమెకు ఇష్టం లేదని తెలిస్తే పెద్దలు అక్కడితో ఆపేస్తారని మా ఇంజనీరుగారు చెప్పారు.

చివరిది ఓటు. ఇది చిత్రమైన పద్ధతి. ఒక పెట్టె ఉంటుంది. ప్రతి సభ్యుడూ అందులో రహస్యంగా ఒక గోళీ వేస్తాడు. తెల్లగోళీ అంటే సమ్మతి, నల్లగోళీ అంటే అసమ్మతి. ఇంగ్లండు నియమం ప్రకారం మూడు నల్లగోళీలు పడితే అభ్యర్థిని తీసుకోరు. రెండు పడినా, ఒక్కటి పడినా కూడదని లాడ్జి తనకు తాను నియమం పెట్టుకోవచ్చు. ఎవరు వేశారని అడగకూడదు. ఎందుకు వేశారని కూడా అడగకూడదు. కటువైన పద్ధతే. కాని ఒకరికొకరు సోదరులని పిలుచుకోవలసిన చోట, ఒక్కరికి గిట్టని మనిషిని తెచ్చి కూర్చోబెట్టడంకంటే ముందుగా చెప్పేయడమే మంచిదని వారి వాదన. అందుకే పూచీపడేవాళ్ళు మంచి పేరు లేనివాణ్ణి పెట్టెదాకా రానివ్వరు.

లోపల ఏముంది?

లాడ్జిలో మూడు మెట్లున్నాయి. పని నేర్చుకునే శిష్యుడు, పనివాడు, మేస్త్రీ. ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క తంతు. వెలుతురులేని గదిలోంచి వెలుతురులోకి రావడం, ప్రమాణం చేయడం, పనిముట్ల అర్థం చెప్పించుకోవడం ఉంటాయి. నడుముకు తెల్లటి గొర్రెపిల్ల తోలు ఏప్రన్ కడతారు. మన ఉపనయనంలాగా ఇదీ ఒక సంస్కారం అనుకోవచ్చు.

రహస్యాలంటారా? వారి తంతును బయటపెడుతూ శామ్యూల్ ప్రిచర్డ్ అనే ఆయన లండనులో 1730లోనే పుస్తకం వేశాడు. అప్పటినుంచి ఇటువంటి పుస్తకాలకు లోటు లేదు. ఒకరినొకరు గుర్తుపట్టే సంజ్ఞలు, మాటలు బయట చెప్పమని వారు ప్రమాణం చేస్తారు. మిగతాదంతా గ్రంథాలయాలలో దొరుకుతుంది. అయినా మూసిన తలుపును చూస్తే మనిషి ఊహకు రెక్కలొస్తాయి. పంజాబులో లాడ్జిని జనం "జాదూఘర్" అనేవారని కిప్లింగ్ 1901లో వచ్చిన "కిమ్" నవలలో రాశాడు. ఆయన స్వయంగా లాహోరు లాడ్జి సభ్యుడు. కనుక ఆ మాట రాస్తూ నవ్వుకునే ఉంటాడు.

మొదటి తంతులో నాకు నచ్చిన విషయం ఒకటుంది. లోపలికి తీసుకువెళ్ళేముందు అభ్యర్థి దగ్గరున్న డబ్బు, ఉంగరం, గడియారం, లోహమన్నది ఏదీ లేకుండా తీసి పక్కన పెట్టిస్తారు. ఉన్నవాడైనా, లేనివాడైనా ఖాళీ చేతులతోనే గడప దాటాలి. ఈ మాట గుర్తుంచుకోండి. ఇప్పుడు చెప్పబోయే సంగతికి ఇది కావాలి.

దొంగ తలుపులు

నా దగ్గర డిగ్రీ చదివి, ఇప్పుడు రొయ్యల మేత దుకాణంలో లెక్కలు రాసుకునే కుర్రవాడొకడు ఒక ఆదివారం మా ఇంటికి వచ్చాడు. చేతిలో సెల్‌ఫోను.

"మేష్టారూ, ఈ ఇంగ్లీషు ఉత్తరం ఒక్కసారి చదివిపెట్టాలండి" అన్నాడు.

చూశాను. పైన మూలమట్టం, కంపాసు బొమ్మ. కింద అతని పేరు. ప్రపంచంలోకెల్లా ధనవంతుల సోదరసంఘానికి అతన్ని ఎన్నుకున్నారట. చేరిన నెలలో కొన్ని కోట్ల రూపాయలు, ఒక కారు, విదేశంలో ఇల్లు ఇస్తారట. నమోదు రుసుముగా ఎనిమిది వేలు అప్పటికే పంపాడు. ఇప్పుడు ఏప్రనుకూ, ఉంగరానికీ, కస్టమ్సు సుంకానికీ నలభై అయిదు వేలు పంపమంటున్నారు. సాయంత్రంలోగా పంపకపోతే అవకాశం పోతుందట.

"నలభై అయిదు వేలు ఎక్కడనుంచి తెస్తావురా?" అన్నాను.

"మా ఆవిడ గాజులున్నాయండి. బ్యాంకులో పెడదామని బయలుదేరాను. దారిలో మీరు గుర్తొచ్చారండి."

"ఆమెకు చెప్పావా?"

మాట్లాడలేదు.

నేను ఇంజనీరుగారికి ఫోను చేసి కుర్రవాడి చేతికిచ్చాను. ఆయన మూడే మూడు ప్రశ్నలు వేశారు. "నీ పేరు ప్రతిపాదించినవాడు ఎవరు బాబూ? నిన్ను చూడడానికి మీ ఇంటికి ఎవరైనా వచ్చారా? నీ మీద ఓటు వేసిన ఆ లాడ్జి ఏ ఊళ్ళో, ఏ వీధిలో ఉంది?" మూడింటికీ "లేదండి, తెలియదండి" అన్నదే జవాబు. "అయితే విను నాయనా. మా గడప దాటేవాడి ఒంటిమీద ఉంగరం కూడా ఉంచం. గాజులు తాకట్టు పెట్టించేవాడు మావాడు ఎలా అవుతాడు?" అన్నారు.

కుర్రవాడు ఆ రోజు బ్యాంకుకు వెళ్ళలేదు. సైబరు నేరాలకు ఫిర్యాదు చేసే 1930 నంబరుకు నా ఎదుటే ఫోను చేశాడు. పంపిన ఎనిమిది వేలు తిరిగి రాలేదు. గాజులు మాత్రం ఇంట్లోనే ఉన్నాయి. భార్యకు సంగతంతా చెప్పాడట. నాలుగు రోజులు మాట్లాడలేదట. "గాజులు తాకట్టు పెడదామనుకున్నందుకు కాదండీ, నాకు చెప్పకుండా బయలుదేరినందుకు" అని ఆ అమ్మాయే తరువాత మా ఇంట్లో చెప్పింది.

ఇటువంటి ఉత్తరాలు ప్రపంచమంతటా తిరుగుతున్నాయి. ఇంగ్లండు గ్రాండ్ లాడ్జి మొదలుకొని అనేక దేశాలవాళ్ళు వీటిని నమ్మవద్దని ప్రకటనలు చేశారు. అసలుకూ నకిలీకీ తేడా గుర్తుపట్టడం కష్టం కాదు. అసలువాళ్ళు పిలవరు, నకిలీవాళ్ళు పిలుస్తారు. అసలువాళ్ళు నెలల తరబడి ఆగమంటారు. నకిలీవాళ్ళు సాయంత్రంలోగా అంటారు. అసలువాళ్ళు మనిషిని చూడకుండా పైసా తీసుకోరు. నకిలీవాళ్ళకు పైసా తప్ప మనిషి అక్కరలేదు. అన్నిటికీ మించి, అసలువాళ్ళు మీకు డబ్బు వస్తుందని చెప్పరు. ఖర్చవుతుందని చెబుతారు.

ఖర్చు, కుటుంబం

ఆ ఖర్చు సంగతి కూడా చూద్దాం. చేరేటప్పుడు ఒక రుసుము, ఆపైన ఏటేటా చందా. మొత్తం ఎంతన్నది లాడ్జినిబట్టి మారుతుంది. దరఖాస్తుకు ముందే కార్యదర్శిని అడిగితే కాగితంమీద రాసి ఇస్తారు. అడగడానికి సిగ్గుపడకూడదు. ముదురు రంగు సూటు కావాలి. సమావేశం తరువాత భోజనాల ఖర్చుంటుంది. దానధర్మాలకు ఎవరి శక్తికొద్దీ వారు ఇస్తారు. కోయంబత్తూరులో పిల్లల ఆస్పత్రి, ఢిల్లీలో పాఠశాల మేసనుల పేరుతో నడుస్తున్నవే. మన పల్లెటూరివాడికి బస్సు ఛార్జీలు, రాత్రిపూట తిరుగుప్రయాణం అదనం. నెలకొక సాయంత్రం ఇంట్లో ఉండరని లెక్కవేసుకోవాలి.

అందుకే ఇంట్లో అడగమంటున్నాను. గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియాలో సభ్యత్వం మగవారికే. "మేమెందుకు పనికిరాము?" అని ఇల్లాలు అడిగితే, పనికివస్తారని చెప్పినవాళ్ళు కూడా ఉన్నారు. 1893లో పారిస్‌లో మరియా దెరేమ్, జార్జ్ మార్టిన్ అనేవారు స్త్రీపురుషులిద్దరినీ చేర్చుకునే మేసన్ సంస్థను స్థాపించారు. మన అనీబిసెంటమ్మ 1902లో అందులో చేరి, తరువాత నాయకురాలయింది. పాత గ్రాండ్ లాడ్జీలు మాత్రం ఆ సంస్థను గుర్తించవు. ఈ విషయంలో నాకు ఇల్లాలి ప్రశ్నే న్యాయంగా కనబడుతుంది.

రోమను కాథలిక్కులు ఇంకొక సంగతి తెలుసుకోవాలి. 1738లో పన్నెండవ క్లెమెంట్ పోపు తమవారు ఫ్రీమేసనులలో చేరకూడదని ఆజ్ఞాపించాడు. 2023లో వాటికన్ ఆ నిషేధాన్ని మళ్ళీ ధ్రువపరిచింది. లాడ్జివారికి అభ్యంతరం లేకపోయినా చర్చికి ఉంది. కాబట్టి ముందుగా తమ గురువుతో మాట్లాడుకోవడం మంచిది.

ఇంతా చేసి ఏమొస్తుంది?

ఈ ప్రశ్న నేను ఇంజనీరుగారిని సూటిగా అడిగాను. ఆయన కొంచెంసేపు ఆలోచించి, "నా ఉద్యోగం మొత్తంలో నాకంటే పైవాడు, నాకంటే కిందివాడు తప్ప పక్కనవాడు ఉండేవాడు కాదురా అబ్బాయ్. లాడ్జిలో పక్కనవాళ్ళు దొరికారు. అక్కడ మా పెద్దదొర కింద కూర్చుంటే, మా ఆఫీసు గుమాస్తా అధ్యక్షపీఠం మీద కూర్చున్న రోజులున్నాయి. మర్నాడు ఆఫీసులో ఆ గుమాస్తాను కేకలు వెయ్యడానికి నాకు నోరు రాలేదు," అన్నారు.

అది చాలుననిపిస్తే దరఖాస్తు పెట్టండి. చాలదనిపిస్తే పెట్టకండి, ఆ సాయంత్రాలు ఇంట్లో పిల్లల చదువుకు పనికివస్తాయి. పెట్టదలచినవారు వరుస తప్పకుండా మూడు పనులు చెయ్యండి. ముందు ఇంట్లో చెప్పండి. తరువాత తెలిసిన మేసన్‌ను నోరువిప్పి అడగండి, లేకపోతే గ్రాండ్ లాడ్జికి ఒక ఉత్తరం రాయండి. ఆపైన ఓపిక పట్టండి. ప్రసన్నకుమార్ దత్ గారు తొమ్మిదేళ్ళు ఆగారు. మీరు తొమ్మిది నెలలు ఆగలేరా?